దేవరపాడు వారి రెండో దండకడియం

మా ముత్తాతగారు చలపతిరావు పంతులుగారు దేవరపాడు ముఠాదారు, అంటే చిన్నపాటి జమీందారు. పన్నెండు గ్రామాలు ఆయన మాట మీద నడిచేవి. ఆయన పల్లకీ గోదావరి రేవుకు వచ్చిందంటే, అవతలి ఒడ్డున ఎంతమంది ఎక్కి కూర్చున్నా సరే, వాళ్ళను దింపేసి బల్లకట్టు ఖాళీగా ఇవతలికి వచ్చేది. ఆయన పెద్దకొడుకు, మా తాతగారు రామచంద్రరావు పంతులుగారు, కలెక్టరు దొర ఎదుట కుర్చీ వేయించుకుని కూర్చున్న మనిషి. ఆ మర్యాద జిల్లాలో చాలా కొద్ది ఇళ్ళకే ఉండేది. మా నాన్నగారు సూర్యనారాయణరావుగారి కాలానికి ముఠా పోయింది, మేడ పోయింది, లంకతోటలు పోయాయి. నేను జిల్లా పరిషత్తు హైస్కూల్లో లెక్కల మేష్టారుగా పనిచేసి రిటైరయ్యాను. అద్దె ఇంట్లో ఉంటాను. అయినా ఈ రోజుకీ దేవరపాడులో పెద్దవాళ్ళు నన్ను చూస్తే భుజం మీది తువ్వాలు తీస్తారు.

తాతగారికి ఒక తమ్ముడు ఉండేవాడు, సీతాపతిరావు. ఇరవై రెండేళ్ళ వయసులో ఫిజీ దీవుల్లో గుమాస్తా పనికని ఓడెక్కి, అక్కడి నుంచి న్యూజిలాండ్ చేరాడు. అక్కడ తనకు ఆశ్రయమిచ్చిన ఒక హిందూ పండ్ల వ్యాపారిని చంపాడని కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది. తర్వాత దాన్ని యావజ్జీవం చేశారు. జైల్లోనే పోయాడు. ఇది తొంభయ్యేళ్ళ కిందటి మాట.

ఆ కేసులో చెప్పుకోదగ్గ సాక్ష్యం ఒక్కటే. సీతాపతి చొక్కా చేతి కింద ఉన్న బంగారు దండకడియం. చనిపోయిన వ్యాపారి తోటివాళ్ళ బంగారం తన రేకుపెట్టెలో దాచి ఉంచేవాడు. ఈ కడియం ఆ పెట్టెలోదే అన్నారు పోలీసులు. "ఇది మా ఇంటిది. దీని జోడు మా అన్నగారి దగ్గరుంది. అడిగి చూడండి" అన్నాడు సీతాపతి.

ఎవరూ అడగలేదని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళం. తెల్లవాళ్ళ కోర్టు నిరపరాధిని బలిపెట్టిందనీ, తమ్ముడి కోసం తాతగారు లండను దాకా లాయర్లను పెట్టి పోరాడారనీ, ఆ పోరాటంలోనే ఆస్తి కరిగిపోయిందనీ విని పెరిగాను. "మనం తాగి, ఆడి పోగొట్టుకోలేదురా. తమ్ముడి కోసం పోగొట్టుకున్నాం" అనేవారు నాన్నగారు. చుట్టుపక్కల ముఠాదార్లు దేనివల్ల చితికిపోయారో జిల్లా అంతా ఎరుగును. మేము చితికిన కారణం వేరు. ఆ కారణమే నాకు మిగిలిన ఆస్తి.

రాష్ట్రం రెండుగా విడిపోతున్న ఏడాదికి ముందు వానాకాలంలో నాకు ఒక ఫోను వచ్చింది. చేసినవాడు ప్రసాద్. మా పక్క ఊరి కుర్రాడే. చదువుకోవడానికి న్యూజిలాండ్ వెళ్ళి, వెల్లింగ్టన్‌లో కంప్యూటరు ఉద్యోగం చేసుకుంటూ అక్కడే ఉండిపోయాడు. స్థానిక పత్రికలో ఒక పాత హత్యకేసు గురించి వచ్చిందనీ, అందులో దేవరపాడు పేరు కనిపించిందనీ చెప్పాడు. సీతాపతికి అక్కడ ఆ దేశపు మూలవాసులైన మావోరీల పిల్ల భార్య, ఒక కూతురు. ఆ కూతురి కూతురు మీరి అనే ఆవిడ, తాత మీది తీర్పును రద్దు చేయమని గవర్నర్ జనరల్‌కు అర్జీ పెట్టుకుంటోంది. కేసు ఫైళ్ళు చూడటానికి కుటుంబానికి అనుమతి దొరికింది.

నేను మీరికి ఉత్తరం రాశాను. మా ముత్తాతగారు ఇద్దరు కొడుకులకూ ఒకే కంసాలి చేత ఒకే అచ్చులో కడియాలు చేయించారనీ, వాటి మీద ముక్కులు ఆనించుకున్న రెండు చిలకలు ఉంటాయనీ, లోపలివైపు కంసాలి గుర్తుగా మూడు గాట్లు ఉంటాయనీ, మా ఇంట్లో ఉన్న జోడును చిన్నప్పటి నుంచి చూస్తున్నాననీ వివరంగా రాశాను. స్వయంగా వస్తాననీ రాశాను. ఫాల్గుణమాసంలో బయలుదేరాను.

ఆక్లండ్: కుక్క, దర్భలు

విమానంలోనే ఒక కాగితం ఇచ్చారు. తిండి తెచ్చారా, మొక్కలు తెచ్చారా, విత్తనాలు తెచ్చారా అని ప్రశ్నలు. అన్నిటికీ లేదని గుర్తు పెట్టాను. అబద్ధం రాస్తున్నానని నాకు తోచనే లేదు. నా సంచిలో ఉన్నవి దర్భలు, నల్లనువ్వులు. వాటిని మొక్కలనీ తిండి అనీ మా ఇళ్ళలో ఎవరూ అనుకోరు. సీతాపతి తాతకు ఇన్నేళ్ళలో ఎవరూ తర్పణం వదిలినట్టు నాకు తెలియదు. ఫైలు చూసి, అతను నిర్దోషి అని నా కళ్ళతో చదివి, ఏదైనా ఏటి ఒడ్డున నీళ్ళు వదలాలనుకున్నాను.

సామాన్ల దగ్గర చెవులు వేలాడే చిన్న కుక్క ఒకటి వాసన చూసుకుంటూ వచ్చి నా సంచి ముందు బుద్ధిగా కూర్చుంది. దాన్ని పట్టుకున్న అధికారి నన్ను పక్కకు పిలిచాడు. కాగితపు పొట్లం విప్పి బల్ల మీద పరిచాడు.

"ఇది గడ్డి" అన్నాడు.

"దర్భ" అన్నాను.

"గడ్డేనా, కాదా?"

"గడ్డి లాంటిదే. కాని గడ్డి కాదు."

"ఆవు తింటుందా?"

తింటుందని ఒప్పుకోక తప్పలేదు.

"అయితే గడ్డే. దీనికి జరిమానా ఉంది, తెలుసా? ఎందుకు తెచ్చారు?"

"పోయినవాళ్ళకు నీళ్ళు వదలడానికి."

"మీవాళ్ళు ఇక్కడ పోయారా?"

"మీ జైల్లో పోయాడు."

అతను నా ముఖం చూశాడు. జరిమానా రాయలేదు. హెచ్చరిక అని ఒక కాగితం ఇచ్చి, దర్భలనూ నువ్వులనూ మూతపెట్టిన పెద్ద డబ్బాలో వేశాడు. కుక్కకు ఏదో తినుబండారం పెట్టి తల నిమిరాడు. కుక్క మూతి పెట్టిన దర్భ ఎలాగూ పనికిరాదని సర్దిచెప్పుకుని వెల్లింగ్టన్ విమానం ఎక్కాను.

జాన్సన్‌విల్: వెనక సీటు

వెల్లింగ్టన్‌లో గాలి మనిషిని నిలబడనివ్వదు. ప్రసాద్ కారు తెచ్చాడు. నేను వెనక తలుపు తీశాను.

"ముందు కూర్చోండి పంతులుగారూ. ఇక్కడ వెనక కూర్చుంటే నన్ను టాక్సీ డ్రైవరనుకుంటారండి."

"నాకు వెనకే అలవాటు" అన్నాను.

"సరేనండి. మీటర్ మాత్రం వెయ్యను లెండి."

జాన్సన్‌విల్ కొండ మీది పేట. వీధి చివరి చిల్లర కొట్టును అక్కడ డెయిరీ అంటారు. పాలొక్కటే కాదు, పేపరు, చాక్లెట్లు, గొడుగులు అన్నీ ఉంటాయి. నాలుగు రెమ్మల కరివేపాకు పొట్లం మూడు డాలర్లు. మా పెరట్లో దాన్ని అడిగినవాళ్ళకల్లా ఉత్తినే కోసి ఇచ్చేవాళ్ళం. పెరడు ఉన్న రోజుల్లో.

ప్రసాద్ భార్య స్వాతిది అనంతపురం. గోంగూర పప్పు, ఉల్లిపాయ వేసిన జొన్నరొట్టె పెట్టింది.

"ఇంకో రొట్టె ఏసుకోండి అంకుల్. ఏం సరిగ్గా తింటాండ్లేదు మీరు."

నన్ను అంకుల్ అని ఎవరూ పిలవరు. దిద్దబోయి, ఆమె వడ్డించే తీరు చూసి ఊరుకున్నాను. వాళ్ళ ఆరేళ్ళ పాప నా కండువా అంచు పట్టుకుని, "తాతా, ఆర్ యూ ఎ కింగ్?" అని అడిగింది. వాళ్ళ నాన్న ఏం చెప్పి ఉంచాడో.

"కింగ్ కంటే ఎక్కువే అమ్మా" అన్నాడు ప్రసాద్. "మా తాత చెప్పులు చంకలో పెట్టుకుని వీళ్ళ కచేరీ మెట్ల కింద నుంచునేవాడంట. ఇప్పుడు పంతులుగారు మన గెస్ట్ రూములో పడుకుంటారు. మా తాత చూసుంటే అక్కడికక్కడే హార్ట్ ఎటాకండి."

భార్యాభర్తలిద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. హోటల్లో దిగుతానని అంతకుముందే ఫోనులో అన్నాను. ఒక రాత్రి గది అద్దె ఎంతో ప్రసాద్ చెప్పాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

లోవర్ హట్: మీరి ఇల్లు

శనివారం లోవర్ హట్ వెళ్ళాం. రోడ్డూ రైలు పట్టాలూ సముద్రపు అంచునే పక్కపక్కన పోతాయి. మీరిది చిన్న చెక్క ఇల్లు. గుమ్మం బయట చెప్పుల వరస చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. వాళ్ళూ మనలాగే చెప్పులు బయట విడుస్తారు. అన్నం తినే బల్ల మీద ఎవరైనా కూర్చుంటే మహాపరాధం. పోయిన పెద్దల ఫోటోలకు గోడ మీద అన్నిటికంటే పై వరస.

మీరి నర్సుగా చేసి రిటైరైన మనిషి. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. కలిసిపోయిన కనుబొమలు చూడగానే తెలిసింది. అవి మా నాన్నగారివి. సీతాపతి కూతురు మా నాన్నగారికి చెల్లెలి వరస, నాకు మేనత్త. మేనత్త కూతురు, వయసులో పెద్దది. వరసకు వదిన. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కాని అనలేదు. "మేడమ్" అన్నాను. ఆవిడ నన్ను "కజిన్" అంది.

కూర్చోబోతుంటే ఆగమని చెయ్యి చూపి, నిలబడి, వాళ్ళ భాషలో ఏదో చదివింది. మన ప్రవర లాంటిదే. ముందు తమ కొండ పేరు, తర్వాత ఏటి పేరు, ఆ తర్వాత పెద్దల పేర్లు చెప్పి, అన్నిటికంటే చివర తమ పేరు చెప్పుకుంటారు. భాష తెలియకపోయినా ఒక మాట దగ్గర ఉలిక్కిపడ్డాను. గోదావరి అంది. మరికాసేపటికి సీతాపతి అంది.

"నాకు రెండు ఏర్లు" అంది కూర్చున్నాక. "ఒకటి అమ్మమ్మది. రెండోది మా తాతది. రెండోది నేను చూడలేదు. మా అమ్మ నేర్పినట్టే చెబుతాను."

మా ఇంట్లో గోడ మీద వంశవృక్షం పటం ఉండేది. తాతగారి పేరు పక్కన ఒక కొమ్మ గీసి, దాని కొసన పేరు లేకుండా వదిలేశారు. చిన్నప్పుడు అడిగితే చెదలు తిన్నాయని చెప్పారు.

పంది మాంసం, చిలగడదుంపలు వండింది. నాకోసం దుంపలు వేరే గిన్నెలో ఉడికించానని ముందే చెప్పింది. తిన్నాక చేతులు తుడుచుకుని అసలు మాటకు వచ్చింది.

"ఫైల్లో కడియం ఫోటో ఉంది. దాని కొలతకు సరిగ్గా గీసిన బొమ్మ కూడా ఉంది. రెండో కడియాన్ని తెచ్చి ఆ బొమ్మ మీద పెట్టి చూపితే, ఇది రేకుపెట్టెలోదని ఇంకెవరూ అనలేరు. మా లాయరు చెప్పాడు. తెచ్చారా?"

ప్రసాద్ పక్కనే కూర్చుని ఉన్నాడు. చెప్పులు చంకలో పెట్టుకుని నిలబడ్డవాడి మనవడు.

"అంత విలువైనది విమానంలో ఎలా తెస్తాను? బ్యాంకు లాకర్లో ఉంది" అన్నాను.

"ఫోటో తెప్పించగలరా?"

"ఊరు వెళ్ళాక చూద్దాం."

ప్రసాద్ తల వంచి టీ కప్పులోకి చూస్తున్నాడు. నాకు బ్యాంకులో లాకరు లేదు. కడియమూ లేదు. బయలుదేరడానికి నెల ముందే దాన్ని అమ్మేశాను. ఆ రాత్రి పడుకోబోయేదాకా, ఆ తర్వాత కూడా, "తెచ్చారా?" అన్న ఆ ఒక్క మాట చెవిలో వినబడుతూనే ఉంది.

వెల్లింగ్టన్: మొదటి పెట్టె

ప్రభుత్వపు పాత రికార్డులన్నీ ఒక పెద్ద భవనంలో ఉంటాయి. సోమవారం పొద్దున్నే అక్కడికి చేరాను. మా తాలూకా ఆఫీసు రికార్డు గదిలో అటెండరుకు టీ ఇప్పించందే బీరువా తాళం దొరకదు. ఇక్కడ నా పేరూ చిరునామా రాసుకుని, ఒక కార్డు చేతికిచ్చి, మీరికీ నాకూ ఒక బల్ల చూపించారు. సంచీ బయటి అరలో పెట్టేయాలి. నేను జేబులోంచి సిరాపెన్ను తీశాను. బల్లల మధ్య తిరిగే ఉద్యోగిని మెల్లగా వచ్చి దాన్ని తీసుకుని చేతిలో పెన్సిలు పెట్టింది. మేష్టారి చేతికి పెన్సిలు.

అట్టపెట్టె తెరిస్తే మా రికార్డు గదుల్లో వచ్చే వాసనే వచ్చింది. వాంగ్మూలాలు, వ్యాపారి కొట్టు వెనక గది నక్షా, డాక్టరు రిపోర్టు. కత్తి దొరకలేదు. చూసినవాళ్ళు లేరు. ఆ రాత్రి కొట్టులో ఇంకా ఇద్దరు పడుకున్నారనీ, వాళ్ళు మర్నాడు ఊరు విడిచి పోయారనీ ఒక కాగితంలో ఉంది. వాళ్ళను ఎవరైనా వెతికినట్టు మరే కాగితంలోనూ లేదు. కొట్టు ఉన్న పట్టణంలోని బడిపంతులమ్మ ఒకావిడ, ఒక చర్చి పెద్ద కలిసి, ఇతన్ని కడియం ఒక్కటే చూసి శిక్షించారని సర్కారుకు అర్జీ పెట్టారు. చాలామంది సంతకాలు చేశారు. అందరూ తెల్లవాళ్ళే.

తర్వాత బొమ్మ వచ్చింది. పల్చటి కాగితం మీద గీసిన రెండు చిలకలు. కింద చిన్న అక్షరాల్లో: లోపలి వైపు మూడు గాట్లు.

నా కుడిచెయ్యి దానంతట అదే లేచి ఎడమ దండ మీదికి పోయింది. నా ఒడుగునాడు నాన్నగారు ఒక్క పూట ఆ కడియం నాకు తొడిగారు. చల్లగా, బరువుగా ఉండేది.

మీరి నన్నే చూస్తోంది. "అదేనా?"

"అదే" అన్నాను.

ఆవిడ బల్ల మీద రెండు చేతులూ పెట్టి కళ్ళు మూసుకుంది. నేను తర్వాతి కాగితం తిప్పడానికి వేలు నాలుకకు అద్దుకున్నాను. వెంటనే ఉద్యోగిని నా పక్కన నిలబడింది. "వేలు తడపకండి సార్. కాగితం పాడవుతుంది." దస్తావేజులు తిరగేసే ఇంట్లో పుట్టినవాడికి అది ఊపిరి తీసుకోవడం లాంటిది. క్షమించమన్నాను.

సాయంత్రం దాకా వెతికాను. తాతగారు పెట్టిన లండను లాయరు ఒక్కడూ కనిపించలేదు. రెండో పెట్టె రేపు వస్తుందన్నారు.

వెల్లింగ్టన్: రెండో పెట్టె

రెండో పెట్టెలో రెండు కట్టలు. జైలు కాగితాలు మీరి తీసుకుంది. ఉత్తర ప్రత్యుత్తరాల కట్ట నేను తీసుకున్నాను. బల్లకు ఆ చివర ఆవిడ, ఈ చివర నేను.

మొదట ఒక టైపు ఉత్తరం. ఇక్కడి సర్కారు మద్రాసు సర్కారుకు రాసింది. దాని వెనక మద్రాసు నుంచి మా జిల్లా కలెక్టరుకు వెళ్ళిన నకలు. ఫలానా వ్యక్తి మీ తమ్ముడా? ఇలాంటి ఆభరణం మీ ఇంటిదా? దీని జోడు మీ దగ్గర ఉందా?

అడిగారు. ఎవరూ అడగలేదని మా ఇంట్లో చెప్పిన మాట నిజం కాదు.

ఆ కింది కాగితం చూడక ముందే దాని అంచున ఎర్ర లక్క కనిపించింది. మా ముఠా ముద్ర. ఇంగ్లీషులో ఎవరో గుమాస్తా రాసిన ఉత్తరం, కింద తెలుగులో తాతగారి సంతకం. చివరి అక్షరం తోక పైకి తిప్పి గీసే ఆ సంతకాన్ని నేను ఎక్కడైనా గుర్తుపడతాను. సారాంశం ఇది:

తాము ఉదహరించిన మనుష్యుడు సముద్రము దాటి, పరజాతి స్త్రీని చేపట్టి భ్రష్టుడైనందున మేము వానికి శాస్త్రోక్తముగా ఘటశ్రాద్ధము జరిపించితిమి. మా మటుకు వాడు లేడు. ఆభరణము సంగతి: ఈ ఇంటి నగ ఏదియు ఎన్నడును ఈ గడప దాటి పోలేదు.

దాని అంచున ఎవరో అధికారి చేతిరాత: సోదరుని జవాబును బట్టి ఖైదీ మాటకు ఆధారం లేదు. చర్య అక్కరలేదు.

నేను మూడుసార్లు చదివాను. లండను లేదు, లాయర్లు లేరు. తమ్ముడి కోసం ఒక్క గింజ కూడా అమ్మలేదు. చిలకల కడియం ఆ రోజున తాతగారి దండకే ఉండి ఉంటుంది.

మీరి తల వంచి జైలు కాగితాలు చదువుకుంటోంది. ఈ కట్ట నా వంతు. ఈ ఒక్క కాగితం తిప్పేస్తే, తర్వాతది చూస్తున్నట్టు ఉంటే, ఆవిడకు తెలియదు. అలా అనుకున్న మాట నిజం. తొందరలో వేలు నాలుకకు అద్దుకున్నాను.

"సార్" అంది ఉద్యోగిని, కొంచెం గట్టిగా. "నిన్ననే చెప్పాను."

మీరి తలెత్తింది. "ఏం దొరికింది?"

నా ముఖం చూసి లేచి వచ్చింది. నేను కాగితం మీంచి చెయ్యి తీశాను. ఆవిడ నిలబడే చదివింది.

"ఈ సంతకం మీ తాతగారిదేనా?"

"ఆయనదే."

"ఈ శ్రాద్ధం అంటే ఏమిటి?"

చెప్పాను. బతికున్న మనిషి పేరు మీద కుండలో నీళ్ళు పోసి, దాసి చేత కాలితో తన్నించి, ఆ నీళ్ళు ఒలికిపోయాక అందరూ తలస్నానం చేసి, ఇక వాడు చచ్చాడని అనుకోవడం.

"బతికి ఉండగానా?"

"బతికి ఉండగానే."

"అప్పటికి మా అమ్మ పుట్టింది కజిన్. మరి ఆమె ఎవరికి పుట్టినట్టు?"

నేను పెన్సిలు చేతిలో అటూ ఇటూ తిప్పాను.

"ఇన్నేళ్ళూ ఇక్కడి వాళ్ళను తిట్టుకున్నాను" అంది. గొంతు పెరగలేదు. అదే భయంగా ఉంది. "జడ్జిని, పోలీసులను, మా ప్రభుత్వాన్ని. వాళ్ళను ఇప్పుడూ వదలను. కాని మా తాత జైల్లో కూర్చుని తన అన్నగారి జవాబు కోసం ఎదురు చూశాడని ఇవాళే చదివాను, ఆ కట్టలో. ప్రతి నెలా వార్డరును అడిగేవాడట, ఇండియా నుంచి ఏమైనా వచ్చిందా అని." కాగితం వైపు వేలు చూపింది, ముట్టుకోకుండా. "దీన్ని కొట్టెయ్యగలిగింది ఇప్పుడు ఒక్కటే. మీ లాకర్లో ఉన్నది. తెప్పించండి."

నేను పెన్సిలు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను.

ప్రసాద్ కారు

సాయంత్రం ప్రసాద్ వచ్చి ఎక్కించుకున్నాడు. వెనక సీట్లో కూర్చుని, ఉత్తరం సంగతి చెప్పాను. అతను కొండ ఎక్కాక ఒక పక్కన కారు ఆపాడు.

"పంతులుగారూ, ఒక మాటండి. కడియం లాకర్లో లేదు కదండీ."

నేను కిటికీ బయటికి చూశాను.

"మా నాన్న ఫోన్లో చెప్పాడండి. మీరు రాజమండ్రి వెళ్ళొచ్చిన వారమే ఊరంతా తెలుసు. మన ఊళ్ళల్లో ఇలాంటివి ఆగుతాయాండీ? ఆవిడకి నేను చెప్పలేదు. మీరే చెప్పుకుంటారని చూశాను."

"ఊరంతా తెలుసా?"

"తెలుసండి. అయినా తువ్వాలు తీస్తారు. మీ పరువు పోద్దని కాదండి, మీరు బాధపడతారని."

గాలికి కారు ఊగింది. ఇన్నేళ్ళూ ఆ తువ్వాళ్ళను నేను ఎలా అర్థం చేసుకున్నానో తలుచుకుంటే ముఖం మండింది.

"మీరు వెనక కూర్చుంటానంటే నవ్వి ఊరుకున్నానండి" అన్నాడు. "దీనికి ఊరుకోలేను. ఆవిడ డెబ్భై ఏళ్ళ మనిషి. లేని వస్తువు కోసం ఇంకెన్నాళ్ళు చూస్తదండి?"

నేను తలుపు తీసుకుని దిగాను. నడిచిపోతానని భయపడ్డాడేమో, అతనూ దిగాడు. నేను ముందు సీట్లో కూర్చుని బెల్టు వెతుక్కున్నాను. అది పెట్టుకోవడం నాకు రాదు. అతనే వంగి పెట్టాడు.

లైబ్రరీలో బల్ల

ఆ దేశంలో ప్రమాణపత్రం రాయాలంటే నోటరీ ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదు. జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే పెద్దమనుషులు ఉంటారు. వారంలో కొన్ని రోజులు లైబ్రరీలో ఒక బల్ల వేసుకుని ఉచితంగా కూర్చుంటారు. మా దగ్గర స్టాంపు కాగితం మొదలు చేతులు తడిపే దాకా దేనికి ఎంతో అందరికీ తెలుసు. లోవర్ హట్ లైబ్రరీలో పిల్లల పుస్తకాల అరల పక్కన ఆ బల్ల. దాని వెనక తెల్ల గడ్డం ముసలాయన. వరసలో నా ముందు ఒక చైనా కుర్రవాడు పాసుపోర్టు నకలు మీద సంతకం కోసం నిలబడ్డాడు.

నేను రాసినది రెండు పేజీలు. ప్రసాద్ ఇంట్లో టైపు చేసి పెట్టాడు. మీరిని రమ్మని ఫోను చేయించాను. ఎందుకో చెప్పలేదు. ఆవిడ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది.

"వదినగారూ" అన్నాను.

"ఏమిటది?"

"మేనత్త కూతురు, పెద్దదైతే, మా భాషలో అలా పిలవాలండి" అన్నాడు ప్రసాద్ వెనక నుంచి. "మాకు ఇంట్లో వదినగారంటే కొంచెం భయం కూడా ఉండాలి."

"మంచిది" అంది మీరి. నవ్వలేదు. "ఉండనివ్వండి."

ముసలాయన నా చేత ప్రమాణం చేయించి, నేను రాసినది పైకి చదవమన్నాడు. చదివాను. నా పేరు, మా నాన్నగారి పేరు, తాతగారి పేరు. దేవరపాడు ముఠాదారు చలపతిరావు పంతులుగారికి ఇద్దరు కొడుకులు, రామచంద్రరావు, సీతాపతిరావు అని చదివాను. సీతాపతి పేరు మా ఇంటి మగవాడెవరైనా పదిమంది ముందు పైకి చదవడం అదే మొదటిసారి కావచ్చు. కడియాలు రెండనీ, వాటిలో ఒకటి సీతాపతి వెంట పోయిందనీ, రెండోది మా ఇంట్లో ఉండేదనీ, చిన్ననాటి నుంచి నేను చూశాననీ, ఒకసారి తొడుక్కున్నాననీ చదివాను. ఏ నగా గడప దాటలేదని మా తాతగారు రాసినది అబద్ధమని చదివాను. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ముసలాయన గ్లాసుతో నీళ్ళు ఇచ్చాడు. తాగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

మీరి సంచిలోంచి నేను ఇండియా నుంచి రాసిన పాత ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది. "ఇది ఈయన ఫైలు చూడకముందు రాసింది. కవరు మీద ముద్ర ఉంది. ఇందులో మూడు గాట్ల సంగతి ఉంది." వస్తువు అంత బలం దీనికి ఉండదని లాయరు తర్వాత చెప్పాడు. ఏమీ లేకపోవడం కంటే నయమన్నాడు. నేను తిరిగి వచ్చి ఇది రాసేనాటికి ఆ అర్జీ ఇంకా పరిశీలనలోనే ఉంది.

"ఇంకొక పేరా ఉంది" అన్నాడు ముసలాయన కాగితం చూస్తూ.

మీరి నా వైపు తిరిగింది. "దాన్ని లాకర్లోంచి ఎప్పుడు తెస్తారో రాశారా?"

నేను కుర్చీలో నిటారుగా కూర్చుని ఆ పేరా చదివాను. దేవరపాడు వారి రెండో దండకడియాన్ని మొన్న మాఘమాసంలో రాజమండ్రిలో ఒక నగల కొట్టులో నేను అమ్మాను. వాళ్ళు దాన్ని నా ఎదుటే కరిగించి తూకం వేశారు. ఆ డబ్బుతో ఈ ప్రయాణానికి టికెట్టు కొన్నాను.